నడినెత్తి మచ్చ

జూలై నెలలో ఒక మధ్యాహ్నం, వాన ఇంకా తెరిపి ఇవ్వకముందే, రాయపూర్ స్టేషన్ రోడ్డులోని ఫణిశ్రీ ఆఫీసుకు ఒక పెద్దావిడ వచ్చింది. గొడుగు మూయడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడింది. తెల్లటి నర్సు చీర అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంది.

"డిటెక్టివ్ ఫణిశ్రీగారంటే మీరేనా అమ్మా?"

"నేనేనండి. కూర్చోండి."

మోహనకృష్ణ లేచి గొడుగు అందుకున్నాడు. అతను ఫణిశ్రీ దగ్గర అసిస్టెంటుగా చేరి ఆరేళ్ళవుతోంది. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల విచారణ చేసి చేసి, ఆ ఉద్యోగం వదిలి సొంతంగా ఈ పని పెట్టుకున్న ఆవిడ కంటికి చిక్కని అబద్ధం ఈ ఊళ్ళో ఉండదని అతని నమ్మకం.

వచ్చినావిడ పేరు రత్నకుమారి. వాళ్ళది నరసాపురం దగ్గర క్రైస్తవ కుటుంబం. రైల్వేలో గూడ్స్ గార్డుగా పనిచేసిన భర్త రత్నంతో పాటు ఈ ఊరు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఇల్లు ఇదే ఊళ్ళో మోవా అనే పేటలో; అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆవిడ నర్సింగ్ సూపరింటెండెంటు.

"మా ఇంటి డాబా మీదికి ఎవడో వస్తున్నాడమ్మా," అందామె. "నగలు ముట్టుకోడు. నా మొక్కల జోలికే వస్తాడు. కుండీలకు నేను పెట్టిన చీటీలు మారుస్తాడు. వానాకాలంలో నీళ్ళు పోస్తాడు. ఆఖరికి మొన్న నా రత్నాన్ని ఎత్తుకుపోయాడు. పోలీసులకి చెబితే కాక్టస్ పోయిందా అని నవ్వారు."

"రత్నం అంటే?"

"మొక్కేనమ్మా. మా ఆయన డార్జిలింగ్ దగ్గర కాలింపాంగ్ నించి గింజలు తెచ్చారు. వాటిలో అదొక్కటే అలా వచ్చింది. ఆయన పోయాక ఆయన పేరు పెట్టుకున్నాను."

"నేను కాక్టస్ ఎప్పుడూ పెంచలేదు. అదెలా ఉంటుందో మొదట్నించీ చెప్పండి."

మొక్క మాట ఎత్తగానే రత్నకుమారి కుర్చీలో ముందుకు జరిగింది. "స్టార్ కాక్టస్ అంటారు. అసలు పేరు ఆస్టీరియాస్. దీనికి ముల్లు ఒక్కటి ఉండదు. నేలకు అణిగి, బత్తాయి ఒలిచి పెట్టినట్టు ఎనిమిది తొనలతో ఉంటుంది. పైనించి చూస్తే నక్షత్రమే. తొనల మీద తెల్ల చుక్కలుంటాయి. సూపర్ కబుటో అని జపాను వాళ్ళు తయారుచేసిన రకం ఉంది, దానికి ఆ చుక్కలు మరీ పెద్దవి. నాది ఆ రకమే. కాకపోతే దీని చుక్కలు ఇంగ్లీషు వి అక్షరంలాగా ఒకదాని కింద ఒకటి వరసలు తీరి ఉంటాయి. ఏ రెండు మొక్కలకీ చుక్కలు ఒకేలా ఉండవమ్మా, మన వేలిముద్రల్లాగే."

"ఇంకేదైనా గుర్తు?"

"నడినెత్తిన మచ్చ ఉంది. ఆయన చనిపోయిన ఏడాది వడగళ్ళు పడి పైన కప్పిన పట్టా చిరిగింది. ఒక వడగల్లు వచ్చి సరిగ్గా పువ్వు పూసే చోటు పక్కన తగిలింది. చిక్కుడు గింజంత మచ్చ. కళ్ళు మూసుకున్నా నాకు కనిపిస్తుంది."

"ఆయన పోయి ఎంతకాలమైంది?"

"పన్నెండేళ్ళు."

"ఎవరి మీద అనుమానం?"

"చిన్నారావని, తిల్దాలో నర్సరీ నడుపుతాడు. ఆ మొక్కని అమ్మమని పోయినేడు నా ప్రాణం తీశాడు. నిన్న వెళ్ళి కొనేవాళ్ళందరి ముందూ దొంగా అని కడిగేశాను. ఒక్క మాట బదులు చెప్పలేదు. తప్పు చేసినవాడు కాకపోతే తల దించుకుంటాడా?"

ఫణిశ్రీ కేసు ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మోవా వెళ్ళారు. తలుపు తీసింది రత్నకుమారి చెల్లెలు గ్లోరీ. తల్లి పోయాక గ్లోరీని పెంచిందీ, చదివించి నర్సుని చేసిందీ అక్కే. పెళ్ళి చేసుకోకుండా అక్క దగ్గరే ఉండిపోయింది. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పనిచేస్తారు.

డాబా అంతా మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. దాని కింద ఇనుప బల్లలు మెట్లు మెట్లుగా, బల్లల నిండా చిన్న చిన్న కుండీలు ఉన్నాయి. రత్నకుమారి ఒక్కొక్కటే చూపిస్తూ నడిచింది.

"ఇది బిషప్ టోపీ. మా బిషప్‌గారు ఆరాధనలో పెట్టుకునే టోపీలాగే అయిదు మడతలు చూశారా? దీని మీదంతా సున్నం చల్లినట్టు తెలుపు. ఆ పక్కది మేకకొమ్ము, వంకర ముళ్ళు. పసుపు పువ్వు పూస్తుంది, లోపల మాత్రం ఎరుపు." ఆమె చెబుతుంటే మోహనకృష్ణ ఆశ్చర్యంగా విన్నాడు.

"చీటీలు మార్చాడన్నారు?" అంది ఫణిశ్రీ.

"ఇదుగో. దీనికి ఆస్టీరియాస్ అని నా చేత్తో రాసి పెట్టాను. తీసేసి ఆర్నేటమ్ అని ఇంకో రకం పేరు రాశాడు. నా రాతని కాపీ కొట్టాడు చూడండి!"

మోహనకృష్ణ ఆ చీటీ దగ్గరగా చూడాలని వంగాడు. మొక్కకున్న గోధుమరంగు ముల్లు అతని వేలిలో కస్సున దిగింది. రక్తం వచ్చింది. ఫణిశ్రీ ఒకసారి ముళ్ళ వంకా, ఒకసారి రత్నకుమారి వంకా చూసింది. చీటీ అంటే ప్లాస్టిక్ ముక్క మీద అతికించిన తెల్లటి టేపు, దాని మీద రాత. ఫణిశ్రీ దాన్ని పట్టుకుని రెండువైపులా చూసి మళ్ళీ కుండీలో గుచ్చింది.

గ్లోరీ కిందికి వెళ్ళి దూదీ, తెల్లటి ఆసుపత్రి టేపూ తెచ్చింది. వేలికి దూది పెట్టి, టేపు చుట్టి, చివర కొంచెం లోపలికి మడిచి అతికించింది.

"ఆ మడత ఎందుకండీ?" అన్నాడు మోహనకృష్ణ.

"అక్కడ పట్టుకుని లాగితే తేలిగ్గా వస్తుంది. ముసలి పేషెంట్లకి చర్మం పల్చగా ఉంటుంది కదా, అలా అలవాటైపోయింది," అంది గ్లోరీ.

ఫణిశ్రీ కుండీల మట్టిలో వేలు పెట్టి చూస్తోంది. పైవరస పొడిగా ఉంది. మధ్యవరసలో కొన్ని బురదగా తగిలాయి. తలెత్తి చూస్తే పట్టాకి ఎక్కడా చిల్లు లేదు.

"అదే నేను చెప్పేది," అంది రత్నకుమారి. "వానాకాలంలో గాల్లో తేమే వీటికి ఎక్కువ. నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. ఎవడో పగబట్టి పోస్తున్నాడు. ఇప్పటికే మూడు మెత్తబడి పోయాయి."

డాబా తలుపు తాళం ఎక్కడా చెదరలేదు. ఒక తాళంచెవి రత్నకుమారి నడుముకున్న గుత్తిలో, ఆసుపత్రి మందుల బీరువా తాళంచెవుల పక్కన ఉంది. రెండోది వంటింట్లో మేకుకి వేలాడుతోంది.

ఫణిశ్రీ చెప్పినట్టు మోహనకృష్ణ బల్లలన్నిటినీ ఫోనులో ఫొటోలు తీశాడు. అన్నిటికంటే కింది బల్ల మీద, గోడవైపు మూలగా, కొత్త కుండీలో గుండ్రటి మొక్క ఒకటి ఉంది. చీటీ మీద బిషప్ టోపీ అని ఉంది. ఈ టోపీకి మడతలు ఎక్కువే అనుకుంటూ దాన్నీ తీశాడు.

రత్నకుమారి స్నానానికి వెళ్ళాక ఫణిశ్రీ గ్లోరీని వంటింట్లో కూర్చోబెట్టింది.

"మొక్క పోయిన రోజు మీరెక్కడున్నారు?"

"అక్కతోనే. అక్కకి ఏ డ్యూటీ అయితే నాకూ అదే."

"మొదట్నించీనా?"

"కాదు. ఏడాది నించి. అంతకుముందు నాది పిల్లల వార్డు. అడిగి మార్పించుకున్నాను."

"ఎందుకు?"

గ్లోరీ గిన్నె తుడిచి బోర్లించింది. "ఇద్దరం కలిసి వెళ్ళి రావొచ్చని."

"చిన్నారావు తీసుంటాడా?"

"లేదు." ఆ మాట మాత్రం వెంటనే వచ్చింది. "ఆయన అలాంటివాడు కాదు. దయచేసి ఆయన మీద కేసు పెట్టనివ్వకండి."

"మరి ఎవరు తీశారంటారు?"

"పోయింది పోయింది. ఇంతటితో వదిలెయ్యమని మీరైనా అక్కకి చెప్పండి మేడమ్."

సాయంత్రం రత్నకుమారి కొడుకు కిరణ్ నయా రాయపూర్ నుంచి వచ్చాడు. అక్కడ ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, క్వార్టర్స్‌లో కాపురం. నెలకో రెండుసార్లు తల్లిని చూడటానికి వస్తాడు.

"అరే, ఏం చోరీ లేదు మేడమ్," అన్నాడు మోటారుసైకిలు దిగుతూనే. "ఏ గమలా, ఏ కుండీ ఎక్కడ పెట్టిందో మమ్మీకే యాద్ ఉండదు. బస్, అలిసిపోతోంది. రిటైర్ అయితే అంతా ఠీక్ అయిపోతుంది. పైన ఆ జాలీ, పట్టా అదీ తీసేసి రూమ్ వేద్దామంటే వినదు."

"మొక్కలు తీసేస్తే మీకు గది వస్తుంది," అంది ఫణిశ్రీ.

అతని మొహం ఎర్రబడింది. "మత్లబ్? నేను తీశాననా? డాడీ మొక్క అది. నేనెందుకు ముట్టుకుంటాను?"

"పాత ఫొటో ఏదైనా ఉందా?"

అతను లోపలికి వెళ్ళి ఒక ఫొటో తెచ్చాడు. వాళ్ళ నాన్న పోయిన తర్వాత వచ్చిన క్రిస్మస్‌కి తీసింది. నల్ల అంచు తెల్లచీరలో రత్నకుమారి, ఒళ్ళో చిన్న కుండీ. మొక్క నెత్తి పక్కనే పచ్చిగా మచ్చ.

తరువాతి రోజు వాళ్ళు బిలాస్‌పూర్ వైపు వెళ్ళే లోకల్ ఎక్కి తిల్దాలో దిగారు. బియ్యం మిల్లుల వెనక సందులో చిన్నారావు నర్సరీ. శ్రీకాకుళం నుంచి మిల్లులో పనికి వచ్చి, ఇరవై ఏళ్ళ కిందట ఈ మొక్కల్లోకి దిగాడట. మిల్లు ఊక కాల్చిన బూడిదని ఇసుకలో కలుపుతున్నాడు. వాళ్ళు ఎవరి తరఫున వచ్చారో చెప్పగానే చెయ్యి ఆపేశాడు.

"సిస్టరమ్మగారు నన్ను దొంగన్నారండి. ఆరే పిలిచి నేర్పిన విద్య ఇది. గింజ ఎలా చల్లాలో, పురుగు పడితే ఏటి చెయ్యాలో అన్నీ ఆరే చెప్పారు. నేను ఆరింట్లో దొంగతనం సేత్తానా?"

"ఆ మొక్క అడిగారట కదా?"

"అడిగాను. పోయినేడు పువ్వెత్తినప్పుడు చూసి మతి పోయింది. ఇవ్వనన్నారు. సరే, ఫొటో అన్నా తీసుకుంటానన్నాను." అతను ఫోను తీసి చూపించాడు. పసుపు పువ్వు, ఎర్రటి గొంతు, తొనల మీద వి ఆకారంలో తెల్ల చుక్కల వరసలు.

ఫణిశ్రీ ఫొటోని పెద్దది చేసి చూసింది. "నడినెత్తిన మచ్చ ఉంటుందన్నారు. ఇందులో లేదే?"

"నడినెత్తినా?" చిన్నారావు వింతగా చూశాడు. "ఇదుగోండి, ఈ పక్కన, మట్టికి దగ్గరగా ఉంది. ఈ జాతి మొక్కలు నడిమధ్య నించి కదండీ పెరిగేది. కొత్త చర్మం నెత్తిన పుడతాది, పాతది పక్కలకి, కిందకి దిగిపోతాది. పన్నెండేళ్ళ కిందటి దెబ్బ నెత్తిన ఎలా ఉంటాదండి? ఆ సంగతి నాకు చెప్పింది సిస్టరమ్మగారే."

"ముళ్ళున్న మొక్కకి ఆస్టీరియాస్ అని చీటీ పెడితే?"

"ఎవరు పెడతారండి, ఏటీ తెలీనోళ్ళు తప్ప!" అన్నాడు చిన్నారావు. అని నవ్వబోయి, ఫణిశ్రీ మొహం చూసి ఆగిపోయాడు.

తిరుగు రైల్లో ఫణిశ్రీ కిటికీ పక్కన కూర్చుంది. మోహనకృష్ణ చివరికి ఉండబట్టలేక అడిగాడు. "దొంగ దొరికినట్టేనా మేడమ్?"

"దొంగ ఉండి ఉంటే బాగుండేది మోహనకృష్ణా. ఎవరో ఒకణ్ణి పట్టిచ్చి చేతులు కడుక్కునేదాన్ని."

"మరి?"

"నువ్వు తీసిన ఫొటోల్లో అన్నిటికంటే కింది బల్లది చూపించు." ఆమె దాన్నీ, చిన్నారావు పంపిన ఫొటోనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళి మెల్లగా ఏదో ఒకటి చెప్పేసి ఊరుకుంటే ఎవరికీ బాధ ఉండదు. కానీ ఆవిడ నడుముకి మందుల బీరువా తాళాలున్నాయి. చెప్పక తప్పదు."

ఆదివారం చర్చి ముగిశాక అందరూ మోవా ఇంటి డాబా మీదికి చేరారు. కిరణ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చిన్నారావు తలుపు దాటి లోపలికి రాలేదు. రత్నకుమారి అతనికేసి చూడకుండా కుర్చీలో కూర్చుంది. గ్లోరీ ఆమె వెనకే ఉంది.

"చిన్నారావు ఈ ఇంట్లో ఏమీ తియ్యలేదు," అంది ఫణిశ్రీ.

"అయితే సోమవారం పోలీసు కమిషనరుగారి దగ్గరికే వెళ్తాను. వాళ్ళే తేలుస్తారు," అంది రత్నకుమారి.

"నేనే తీశానక్కా."

అందరూ గ్లోరీ వైపు తిరిగారు. "నేనే తీశాను. చీటీలు మార్చిందీ నేనే. ఇంక ఎవరినీ అడగొద్దు."

రత్నకుమారి లేచి నిలబడింది. "నువ్వా? ఏం చేశావే దాన్ని?"

"అమ్మేశాను."

"ఎవరికి?" అని అడిగింది ఫణిశ్రీ. "ఆ పేరు మీరు చెప్పలేరు గ్లోరీగారూ, ఎందుకంటే మీరు ఎవరికీ అమ్మలేదు. చీటీల సంగతి మాత్రం నిజం. చీటీల మీది టేపు చివర లోపలికి మడిచి ఉంది, మోహనకృష్ణ వేలికి మీరు కట్టినట్టే. కానీ ఆ చీటీల్లో ఒక వింత ఉంది. రత్నకుమారిగారూ, ఆస్టీరియాస్‌కి ముళ్ళుంటాయా?"

"ఉండవు. మొదటిరోజే చెప్పాను కదా."

"దొంగ తీసేశాడని మీరు చూపించిన చీటీ ఏ మొక్కదో ఒకసారి చూడండి."

రత్నకుమారి ఆ కుండీ దగ్గరికి వెళ్ళింది. ముళ్ళ మీద వేలు పెట్టి చూసింది. "ఇది ఆర్నేటమ్, ముళ్ళుండే రకం," అంది మెల్లగా. "దీనికి ఆస్టీరియాస్ అని నేనెందుకు రాస్తాను?"

"వచ్చిన మనిషి చీటీలు చెడగొట్టలేదండి. తప్పుగా ఉన్నవన్నీ సరిచేసింది. మొక్కలు తెలిసిన మనిషి, ఈ ఇంట్లో తిరిగే మనిషి, మీ రాత రాయగల మనిషి. అలా అన్నీ సరిచేసి, ఒక్కటి మాత్రం కావాలని వదిలేసింది." ఫణిశ్రీ వంగి కింది బల్ల మీద మూలనున్న కుండీని తెచ్చి ఎదురుగా పెట్టింది. "చీటీ బిషప్ టోపీ అంటోంది. తొనలు లెక్కపెట్టండి."

"ఎనిమిది," అంది రత్నకుమారి.

"మట్టికి దగ్గరగా మచ్చ ఉంది. ఇది చిన్నారావు పోయినేడు తీసిన ఫొటో. చుక్కలు చూడండి, వేలిముద్రల్లాంటివని మీరే అన్నారు. ప్రతి వరసా సరిపోతోంది. పువ్వులయ్యాక మీరే కొత్త కుండీలోకి మార్చి, చీటీ రాసి, అక్కడ పెట్టారు. మీ రత్నం ఈ డాబా దాటి వెళ్ళలేదు."

రత్నకుమారి ఫొటోని చూసింది. మొక్కని చూసింది. మళ్ళీ ఫొటోని చూసింది. "మచ్చ నెత్తిన కదా ఉండాలి," అంది.

చిన్నారావు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పన్నెండేళ్ళ కిందట నెత్తిన ఉండేదండి," అంది ఫణిశ్రీ.

రత్నకుమారి కూర్చుంది. ఆమె ఏడవలేదు. ఎన్నో ఏళ్ళు రోగుల మంచాల పక్కన నిలబడి అడిగిన గొంతుతో చెల్లెల్ని అడగడం మొదలుపెట్టింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయినేడు వానలప్పుడు. నీళ్ళు పోసి, కిందికి వచ్చి, మళ్ళీ పొయ్యడానికి వెళ్ళావు."

"ఈ మొక్క ఇక్కడుందని?"

"పోయిందన్న రోజే తెచ్చి నీ చేతిలో పెట్టానక్కా. ఎవడిదో తెచ్చి నన్ను మోసం చేస్తావా అని విసిరెయ్యబోయావు. అందుకే మళ్ళీ మూలన పెట్టేశాను. చీటీ మారిస్తే నువ్వు చూసి పారేస్తావని భయపడ్డాను."

"వార్డులో కూడానా?"

గ్లోరీ తల వంచుకుంది.

"నన్ను చూసి చెప్పు గ్లోరీ. వార్డులో కూడానా?"

"నువ్వు మందులు తీసి పెట్టిన ప్రతి ట్రే నేను మళ్ళీ చూస్తాను. అందుకే డ్యూటీ మార్పించుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. దేవుని సాక్షిగా ఎవరికీ ఏమీ కాలేదక్కా."

"తప్పు మందు పెట్టానా?"

"రెండుసార్లు."

రత్నకుమారి కళ్ళు మూసుకుంది. కిరణ్ వచ్చి తల్లి ముందు చతికిలబడ్డాడు. "మమ్మీ, థకాన్ అంతే. డాక్టరుకి చూపిద్దాం. కుఛ్ నహీ హోగా, ఏం కాదు."

"నువ్వు ఊరుకో నాన్నా," అందామె అతని తల మీద చెయ్యి వేసి. "ఇలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను. ఇంట్లోవాళ్ళు అలసటే అంటారు." తరువాత గ్లోరీ వైపు తిరిగింది. "నాతో ఎందుకు చెప్పలేదే? చెల్లెలివని కాదు, నర్సువి కదా నువ్వు? నేను నేర్పిందేమిటి నీకు?"

"నువ్వే నేర్పావు. నీకెలా చెప్పను?" అని గ్లోరీ నేల మీద కూలబడి, అక్క ఒళ్ళో తలపెట్టి బిగ్గరగా ఏడ్చింది. రత్నకుమారి ఆమె జుట్టు సవరిస్తూ కూర్చుంది.

కాసేపటికి ఆమె చిన్నారావుని పిలిచింది. అతను చెప్పులు విడిచి వచ్చాడు.

"నిన్ను నలుగురి ముందు అన్నాను. క్షమించమని కూడా నలుగురి ముందే అడగాలి. నీ దుకాణానికి వస్తాను. మరిచిపోతే గ్లోరీ గుర్తుచేస్తుంది."

"అమ్మా, ఒద్దండి, నాకు..." అని అతను చేతులు జోడించి అక్కడే నిలబడిపోయాడు.

ఫణిశ్రీ, మోహనకృష్ణ సెలవు తీసుకునే ముందు రత్నకుమారి మొక్కని చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలితో ఆ మచ్చని తడిమింది.

"మీరు చెప్పింది అబద్ధం కాదని తెలుసమ్మా," అంది ఫణిశ్రీతో. "ఆధారాలన్నీ సరిపోయాయి. కానీ నాకిది ఎవరి మొక్కో లాగే ఉంది."

ఫణిశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది.

మోహనకృష్ణ, ఫణిశ్రీ బస్సు ఎక్కారు. ఏ కేసయినా ముగిశాక ఫణిశ్రీని మెచ్చుకోవడం అతని అలవాటు. ఆ రోజు అతనికి మెచ్చుకోవాలనిపించలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు.

బుధవారం గ్లోరీ ఫోను చేసింది. సోమవారం పొద్దున్నే అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, ఎప్పటిలాగే డ్యూటీ వేళకి ఆసుపత్రికి వెళ్ళిందట. వద్దన్నా వినలేదట. గ్లోరీని వెంటబెట్టుకుని సరాసరి పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి, తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, నిలబడే అంతా చెప్పిందట.

"రాత్రి డ్యూటీ వాళ్ళు పొద్దుటి వాళ్ళకి పేషెంటుని అప్పగించేటప్పుడు చెబుతాం కదా మేడమ్, అచ్చం అలాగే చెప్పింది. పేషెంటు పేరు రత్నకుమారి, వయసు యాభై ఏడు, జ్ఞాపకశక్తి తగ్గుతోంది, ఏడాదిగా లక్షణాలున్నాయి, మందుల దగ్గరికి రానివ్వకూడదు అని. ఒక్క తప్పు పోలేదు. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు."

"అంతా అయ్యాక నా వైపు తిరిగి," అంది గ్లోరీ, "'ఇక్కణ్ణించి నీ డ్యూటీ, సిస్టర్' అంది."